కొరియాలో ఇంగ్లిష్ పాఠాలు చెబుతూ వారాంతాల్లో ఊళ్లు తిరగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దేగు నగరంలోని ఒక ప్రభుత్వ మిడిల్ స్కూల్లో రెండేళ్లు ఇంగ్లిష్ చెప్పాను. ఆ రెండేళ్లలో ఇంట్లో గడిపిన శనివారాలు చాలా తక్కువ. కొత్తగా వెళుతున్న తెలుగువాళ్లు అడిగే సందేహాలు దాదాపు ఒకటే కాబట్టి జవాబులన్నీ ఇక్కడ రాసిపెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ధరలు మారుతుంటాయి కనుక అవసరమైన చోట మాత్రమే చెప్పాను.

## బయలుదేరకముందు

భారతీయ పాస్‌పోర్టుతో అక్కడ ఇంగ్లిష్ టీచరుగా చేరవచ్చా?

దారి ఉంది, కానీ ఇరుకైనది. ఇంగ్లిష్ బోధనకు ఇచ్చే ఇ-2 వీసా ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకు ఇస్తారు. ఆ దేశాల పౌరసత్వం ఉన్న తెలుగువాళ్లు ఎక్కువగా ఇలాగే వెళతారు. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్–కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం వల్ల, డిగ్రీతో పాటు ఇంగ్లిష్ బోధనా అర్హత ఉన్న భారతీయులు కూడా స్కూళ్లలో సహాయక ఉపాధ్యాయులుగా దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తుకు ముందు కొరియా రాయబార కార్యాలయంలో తాజా నిబంధనలు అడిగి తెలుసుకోండి.

ప్రభుత్వ స్కూలా, హాగ్వొనా? తిరగడానికి ఏది వీలు?

ప్రభుత్వ స్కూలే. అక్కడ పని సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ముగుస్తుంది, శుక్రవారం ఆరు గంటల బస్సు నింపాదిగా అందుకోవచ్చు. 2012 నుంచి ప్రభుత్వ స్కూళ్లకు శనివారం పూర్తి సెలవు. హాగ్వొన్ అంటే ప్రైవేటు కోచింగ్ సెంటరు. పిల్లలు బడి అయ్యాక అక్కడికి వస్తారు కాబట్టి క్లాసులు మధ్యాహ్నం మొదలై రాత్రి తొమ్మిది, పది దాకా సాగుతాయి. కొన్నిచోట్ల శనివారం కూడా పని ఉంటుంది. హాగ్వొన్‌లో చేరేవాళ్లు ఒప్పందంలో శనివారం గురించి ఏం రాశారో సంతకానికి ముందే చదవాలి.

సియోల్‌లో ఉద్యోగం రాకపోతే నష్టపోయినట్టేనా?

వారాంతాల మాటకొస్తే నష్టం లేదు, లాభమే. సియోల్‌లో ఉన్నవాళ్లకు నగరం దాటడానికే శనివారం పూట గంటన్నర పోతుంది. దేగు, డేజొన్, జొంజు లాంటి ఊళ్లలో ఉంటే నాలుగు దిక్కులకూ గంట, గంటన్నరలో చేరే ఊళ్లు ఉంటాయి. సియోల్‌కు పోస్టింగ్ రాలేదని మొదట నేనూ బాధపడ్డాను. మూడు నెలలయ్యాక ఎవరైనా మారతావా అని అడిగినా మారేదాన్ని కాదు.

కొరియన్ భాష రాకుండా తిరగగలనా?

మాట్లాడటం రాకపోయినా ఫరవాలేదు, అక్షరాలు చదవడం మాత్రం నేర్చుకోండి. హంగుల్‌లో 24 మూలాక్షరాలే. హల్లునూ అచ్చునూ కలిపి ఒక్క గడిలో పేరుస్తారు. గుణింతం దిద్దుకున్న మనకు ఆ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. అమెరికా నుంచి వచ్చిన నా సహోద్యోగులకు రెండు వారాలు పట్టిన పని నాకు విమానంలోనూ, ఆ తర్వాత రెండు సాయంత్రాల్లోనూ అయిపోయింది. వాక్యంలో క్రియ చివర రావడం కూడా తెలుగులాగే. బస్సు మీది ఊరి పేరు, హోటల్లో వంటకం పేరు సొంతంగా చదువుకోగలిగిన రోజున దేశం కాస్త దగ్గరవుతుంది.

## చేరిన కొత్తలో

మొదటి నెలలోనే జపాన్ వెళ్లి వద్దామనుకుంటున్నాను. వెళ్లవచ్చా?

ఆగండి. బూసాన్ నుంచి ఫుకువోకకు విమానంలో గంట కూడా పట్టదు కాబట్టి ఆశ పుట్టడం సహజం. కానీ ఒకేసారి ప్రవేశానికి ఇచ్చిన వీసాతో వచ్చి, విదేశీయుల నమోదు కార్డు చేతికి రాకముందే దేశం దాటితే ఆ వీసా అక్కడితో చెల్లిపోతుంది. వచ్చిన 90 రోజుల్లోగా ఇమిగ్రేషన్ కార్యాలయంలో నమోదు చేసుకుని, కార్డు వచ్చాకే బయటి దేశాల మాట తలపెట్టండి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు జపాన్ వీసా విడిగా కావాలి.

ఫోనులో ఏ యాప్‌లు ఉండాలి?

దారికి నేవర్ మ్యాప్ లేదా కాకావో మ్యాప్. గూగుల్ మ్యాప్స్ కొరియాలో ఎన్నో ఏళ్లుగా నడక దారులు సరిగ్గా చూపలేకపోయింది, దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. టాక్సీకి కాకావో టి, రైలుకు కొరైల్ యాప్. వీటితో పాటు ఏ కన్వీనియన్స్ స్టోర్‌లోనైనా టీ-మనీ కార్డు కొనుక్కోండి. సియోల్, బూసాన్, దేగు అన్నిచోట్లా మెట్రోకూ సిటీ బస్సుకూ అదే పనిచేస్తుంది. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలి, లేకపోతే తర్వాతి బస్సుకు మారినప్పుడు రాయితీ రాదు.

వారాంతంలో ప్రైవేటు ట్యూషన్ చెప్పి ప్రయాణ ఖర్చులు సంపాదించుకోవచ్చా?

వద్దు. ఇ-2 వీసా మీద, వీసాలో రాసిన చోట కాకుండా మరోచోట పాఠం చెప్పి డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. జరిమానాతో పోకుండా దేశం విడిచి వెళ్లాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. ఉద్యోగం ఇచ్చినవాళ్లే చాలామందికి వసతి కూడా ఇస్తారు కాబట్టి జీతంలోనే నెలకు రెండు మూడు ప్రయాణాలు సరిపెట్టుకోవచ్చు.

## టికెట్లు, దారులు

రైలు మంచిదా, బస్సు మంచిదా?

దూరాన్ని బట్టి. సియోల్–బూసాన్ లాంటి దూరానికి 2004లో మొదలైన కేటీఎక్స్ వేగ రైలు సుమారు రెండున్నర గంటల్లో చేరుస్తుంది. అదే దూరం ముగుంగ్హ్వా అనే నెమ్మది రైల్లో అయిదు గంటలు దాటుతుంది, టికెట్ మాత్రం సగానికి సగం. గంట, రెండు గంటల దూరానికి నా ఓటు బస్సుకే. వేగ రైలు స్టేషన్లు చాలా ఊళ్లలో పొలిమేరల్లో కట్టారు, బస్సు టెర్మినల్ మాత్రం ఊరి నడిబొడ్డునే ఉంటుంది. పాత రాజధాని గ్యోంగ్జుకు రైల్లో వెళ్లి అక్కడి నుంచి మళ్లీ సిటీ బస్సు పట్టుకోవడం కన్నా, నేరుగా బస్సెక్కితే దిగినచోటి నుంచి రాజుల సమాధి దిబ్బల దాకా నడిచిపోవచ్చు.

శుక్రవారం సాయంత్రం రైళ్లన్నీ నిండిపోయి ఉంటున్నాయి. ఏం చేయాలి?

టికెట్లు నెల ముందే తెరుస్తారు. ముందుగా కొనలేకపోతే బయలుదేరే రోజున యాప్‌ను మళ్లీ మళ్లీ చూడండి, రద్దయిన సీట్లు వస్తూ ఉంటాయి. నిలబడి వెళ్లే టికెట్లు కూడా అమ్ముతారు. అవేవీ లేకపోతే శనివారం ఉదయం ఆరున్నర బస్సు ఎక్కండి. ఎనిమిదింటికల్లా మరో ఊళ్లో ఉంటారు, ఒక రాత్రి బస ఖర్చు మిగులుతుంది.

పొరపాటున వేరే ఊరికి టికెట్ కొనే ప్రమాదం ఉందా?

ఉంది, చాలామందికి జరుగుతుంది కూడా. ఒకే పేరుతో రెండేసి ఊళ్లు ఉన్నాయి. నైరుతి దిక్కున ఉన్న పెద్ద నగరం గ్వాంగ్జు ఒకటి, సియోల్ పక్కన గ్యొంగ్గి రాష్ట్రంలో మరో గ్వాంగ్జు. గొసొంగ్ అనే ఊరు గంగ్వొన్‌లో ఒకటి, దక్షిణ గ్యొంగ్సాంగ్‌లో ఒకటి. టికెట్ కొనేటప్పుడు రాష్ట్రం పేరు కూడా చెప్పండి. పెద్ద నగరాల్లో టెర్మినళ్లు కూడా దిక్కును బట్టి వేరువేరుగా ఉంటాయి. హేఇన్సా అనే బౌద్ధాలయానికి బస్సు దేగులో పడమటి టెర్మినల్ నుంచి వెళుతుంది, తూర్పు టెర్మినల్‌కు వెళ్లి వెతికితే దొరకదు.

దూరపు బస్సు దారిలో ఆగితే దిగవచ్చా?

దిగండి. హైవే పక్కన హ్యుగెసొ అనే విశ్రాంతి కేంద్రంలో సుమారు పావుగంట ఆపుతారు. చొనాన్ అనే ఊరి పేరుతో ప్రసిద్ధమైన అక్రోటు ఉండలు, వేయించిన చిన్న బంగాళాదుంపలు వేడివేడిగా దొరుకుతాయి. దిగేముందు బస్సు నంబరు ఫోటో తీసుకోవడం మరవకండి. ఒకే రంగు బస్సులు ఇరవై పక్కపక్కన నిలబడి ఉంటాయి.

చుసొక్, సొల్లాల్ సెలవుల్లో ఎక్కడికి వెళ్లడం మంచిది?

దూరం వెళ్లకండి. చుసొక్ శరదృతువు పంట పండుగ, సొల్లాల్ చాంద్రమాన సంవత్సరాది. మన సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అయినట్టే సియోల్ ఖాళీ అవుతుంది, హైవేలు నిండిపోతాయి. ఆ రోజుల రైలు టికెట్లను ముందే ప్రత్యేక తేదీల్లో అమ్ముతారు, నిమిషాల్లో అయిపోతాయి. ఆ సమయంలో ఖాళీ సియోల్ చూడటమే హాయి. రాజభవనాలకు పండుగ రోజుల్లో ప్రవేశం ఉచితం. చిన్న హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి కనుక తినడానికేదైనా దగ్గర ఉంచుకోండి.

## ఎక్కడికి వెళ్లాలి

మొట్టమొదటి వారాంతానికి ఒక్క ఊరు చెప్పమంటే?

గ్యోంగ్జు. ఇంకో పేరు నా నోట రాదు. దాదాపు వెయ్యేళ్లు సిల్లా రాజ్యానికి రాజధాని. ఊరి మధ్యలో ఇళ్ల నడుమ గడ్డి కప్పిన పెద్ద పెద్ద దిబ్బలు లేస్తాయి. అవన్నీ రాజుల, ప్రభువుల సమాధులు. దేరుంగ్వొన్ ఆవరణలో చొన్మాచొంగ్ అనే సమాధి లోపలికి వెళ్లి చూడవచ్చు. 1973లో తవ్వినప్పుడు అందులో బంగారు కిరీటం బయటపడింది. అక్కడి నుంచి నడిచి వెళితే ఏడో శతాబ్దంలో సొందొక్ రాణి కాలంలో కట్టిన చొమ్‌సొంగ్‌దే కనిపిస్తుంది. సుమారు తొమ్మిది మీటర్ల రాతి కట్టడం, ఆకాశాన్ని పరిశీలించడానికి కట్టిందని చెబుతారు. చీకటి పడ్డాక వొల్జి కొలను దగ్గరికి వెళ్లండి, దీపాల వెలుగులో మండపాలు నీళ్లలో తలకిందులుగా కనిపిస్తాయి.

ఆదివారం ఉదయం 10 లేదా 11 నంబరు సిటీ బస్సెక్కి బుల్గుక్సా ఆలయానికి వెళ్లాలి. అక్కడి దబొతాప్ రాతి స్తూపం పది వొన్‌ల నాణెం మీద ఉంటుంది. జేబులోంచి నాణెం తీసి పక్కన పెట్టి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. పైన కొండ మీద సొక్కురాం గుహాలయంలో గ్రానైట్ బుద్ధుడు తూర్పు సముద్రం వైపు చూస్తూ కూర్చుని ఉంటాడు. లోపల ఫోటోలు తీయనివ్వరు, అద్దం బయటి నుంచే చూడాలి. ఈ రెండూ 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి.

సియోల్ మొత్తం ఒక్క వారాంతంలో చూసేయవచ్చా?

కుదరదు, ప్రయత్నించకండి. ఒకసారి రాజభవనాలు, ఇంకోసారి కొండలు, మరోసారి హాన్ నది తీరం అని విడగొట్టుకోండి. గ్యొంగ్‌బొక్కుంగ్ భవనానికి మంగళవారం సెలవు, చాంగ్దొక్కుంగ్‌కు సోమవారం. కొరియా సంప్రదాయ దుస్తులు హాన్బొక్ కట్టుకుని వెళితే రాజభవనాల్లో ప్రవేశ రుసుము ఉండదు. రద్దీతో విసుగొస్తే సబ్‌వేలోనే సువొన్ వెళ్లండి. 1796లో పూర్తయిన హ్వాసొంగ్ కోటగోడ సుమారు అయిదున్నర కిలోమీటర్లు, మధ్యాహ్నంలోగా చుట్టిరావచ్చు.

బూసాన్‌లో సముద్రతీరం కాకుండా ఇంకేమైనా ఉందా?

కొండవాలున రంగురంగుల ఇళ్ల గమ్‌చొన్, సముద్రపు అంచున రాళ్ల మీద నిలిచిన యొంగ్గుంగ్సా ఆలయం, జగాల్చి చేపల బజారు అందరూ చెప్పేవే, చూడదగ్గవే. నేను మాత్రం పక్కనున్న గిమ్హేకు లైట్ రైల్లో వెళ్లమంటాను. అక్కడ గాయా రాజ్యాన్ని స్థాపించిన సురో రాజు సమాధి, ఆయన రాణి హొ హ్వాంగ్-ఓక్ సమాధి ఉన్నాయి. ఆమె ‘అయుతా’ అనే దేశం నుంచి సముద్రం దాటి క్రీ.శ. 48లో వచ్చిందని 13వ శతాబ్దపు సంకలనం ‘సమ్‌గుక్ యుసా’ చెబుతుంది. దాన్ని అయోధ్యగా భావించేవాళ్లు చాలామంది. చారిత్రక రుజువు లేదు, కథ మాత్రం ఊరంతా బతికే ఉంది. రాణి సమాధి దగ్గర పాసా అనే రాతి స్తూపం ఉంది. పడవలో అలలు శాంతించడానికి ఆ రాళ్లు తెచ్చారట. నేను భారతదేశం నుంచి వచ్చానని తెలిసి అక్కడ ఊడుస్తున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ‘రాణి గారి ఊరమ్మాయి’ అని అందరికీ చూపించారు.

గుళ్లో రాత్రి బస చేయవచ్చని విన్నాను. మతం మారాలా, మోకరిల్లాలా?

ఏ మతంవాళ్లైనా ఉండవచ్చు. టెంపుల్‌స్టే అనే ఈ పద్ధతి 2002 ప్రపంచకప్ ఫుట్‌బాల్ సమయంలో విదేశీ అతిథుల కోసం మొదలైంది. శనివారం మధ్యాహ్నం చేరితే ఆదివారం భోజనం అయ్యాక బయలుదేరవచ్చు. తెల్లవారుజామున చీకట్లోనే లేపుతారు. 108 సాష్టాంగ ప్రణామాలు ఉంటాయి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కూర్చుని చూడవచ్చు.

నేను హేఇన్సాలో ఉన్నాను. దేగు నుంచి గంటన్నర బస్సు. మంగోలు దండయాత్రల కాలంలో, 13వ శతాబ్దంలో చెక్కిన ఎనభై వేలకు పైగా బౌద్ధ గ్రంథాల చెక్క పలకలు అక్కడ ఉన్నాయి. వాటిని కాపాడుతున్నది యంత్రాలు కావు. ముందు గోడకూ వెనక గోడకూ కిటికీలు వేరువేరు కొలతల్లో పెట్టి గాలి తిరిగేలా చేశారు, నేల కింద బొగ్గు, ఉప్పు, సున్నం పొరలు పోసి తేమను అదుపు చేశారు. సందుల్లోంచి ఆ పలకల వరుసలు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. సాయంత్రం భిక్షువు పెద్ద భేరి వాయిస్తుంటే కొండంతా వింటున్నట్టు ఉంటుంది.

కొండలెక్కడం అలవాటు లేదు. మొదట ఏది ఎక్కాలి?

దేగు దగ్గరి పల్గొంగ్సాన్ మీది గాత్బావి. కొండ శిఖరంలో తల మీద పలకరాయి టోపీలా ఉన్న బుద్ధ విగ్రహం. మెట్లదారిలో గంట ఎక్కాలి. మనస్ఫూర్తిగా కోరిన ఒక్క కోరిక తీరుస్తాడని నమ్మకం. నవంబరులో కాలేజీ ప్రవేశ పరీక్ష సునుంగ్‌కు ముందు అక్కడ తల్లులు బారులు తీరి ప్రణామాలు చేస్తుంటారు. ఆ పరీక్షలో ఇంగ్లిష్ వినికిడి భాగం జరిగే సమయంలో దేశమంతా విమానాలు ఎగరకుండా, దిగకుండా ఆపుతారు. నా క్లాసు పిల్లల కళ్లలో భయం ఎందుకుందో ఆ తల్లుల మధ్య నిలబడినప్పుడే నాకు అర్థమైంది. ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్లిన ప్రతివాళ్లూ ఆ కొండ ఒక్కసారి ఎక్కాలి.

ఆకుల రంగుల కోసమైతే అక్టోబరు మధ్య నుంచి సొరక్సాన్, నవంబరు మొదట్లో నేజాంగ్సాన్. జాతీయ పార్కుల్లో కొన్ని దారులను అగ్నిప్రమాదాల భయంతో వసంతంలోనూ, శరదృతువు చివరా మూసేస్తారు. ముందే చూసుకోండి.

జేజు దీవికి రెండు రోజులు చాలుతాయా?

హల్లాసాన్ శిఖరం, లేదా తీరం. రెంటిలో ఒకటి ఎంచుకుంటే చాలుతాయి. సియోల్‌లోని గింపో విమానాశ్రయం నుంచి విమానం గంటకు కొంచెం పైన. హల్లాసాన్ దేశంలోకెల్లా ఎత్తైనది, 1,947 మీటర్లు. శిఖరానికి వెళ్లే దారులు రెండే, సొంగ్పనక్, గ్వానుమ్సా. రెంటికీ ముందస్తు రిజర్వేషన్ కావాలి. మధ్యలోని విశ్రాంతి గృహాన్ని మధ్యాహ్నంలోగా దాటకపోతే పైకి పంపరు.

వారాంతంలో ఉల్లుంగ్‌దో దీవికి వెళ్లి రావచ్చా?

సోమవారం క్లాసు ఉంటే వద్దు. దారి సముద్రం మీదే, అలలు పెద్దవైతే పడవలు ఆగిపోతాయి. నేను వెళ్లిన ఆదివారం అలాగే ఆగిపోయింది. సోమవారం నా మూడు క్లాసులూ నాతో కలిసి చెప్పే కొరియన్ టీచరుగారు ఒక్కరే మోశారు. ఆవిడ ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా బాధేసింది. దీవి అద్భుతం, స్కూలు సెలవుల్లో వెళ్లండి.

ఉత్తర కొరియా సరిహద్దు ప్రాంతం చూడాలంటే?

నిస్సైనిక ప్రాంతంలోకి టూర్ బృందంతోనే వెళ్లాలి, పాస్‌పోర్టు వెంట ఉండాలి. ఉత్తర కొరియా సరిహద్దు కిందుగా తవ్వగా 1978లో బయటపడ్డ మూడో సొరంగానికి సోమవారం సెలవు. ఒంటరిగా వెళ్లాలనుకుంటే సరిహద్దు దగ్గరున్న ఇమ్‌జింగాక్ దాకా వెళ్లవచ్చు. ముళ్లకంచెకు కట్టిన రిబ్బన్లు, అవతల ఉన్న బంధువుల కోసం రాసిన మాటలు అక్కడ కనిపిస్తాయి.

## బస, భోజనం, భద్రత

జిమ్‌జిల్‌బాంగ్‌లో నిద్రపోవచ్చా? అందరి ముందూ స్నానం చేయాలా?

ఇవి వేడి గదులున్న సామూహిక స్నానశాలలు. రాత్రంతా తెరిచి ఉండేవాటిలో నిద్రపోవచ్చు, బసల్లో చవకైనది అదే. స్నానాల గది ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరు. లోపల అందరూ దుస్తులు లేకుండానే స్నానం చేస్తారు. మనకు మొదట్లో ప్రాణం చచ్చినంత సిగ్గేస్తుంది. అక్కడ ఎవరూ ఎవరినీ చూడరని తెలిశాక తగ్గుతుంది. ఆ తర్వాత ఇచ్చిన దుస్తులు వేసుకుని అందరూ కలిసి ఉండే వెచ్చని హాల్లో చాప మీద పడుకోవడమే. నిద్ర తేలికైనవాళ్లకు గెస్ట్‌హౌస్ మేలు.

నేను శాకాహారిని. దారిలో ఏం తినాలి?

నిజం చెబుతాను, కష్టమే. కూరగాయల పులుసులా కనిపించేదాని అడుగున ఎండు నెత్తళ్ల రసం ఉంటుంది. కిమ్చీలో చేపల పులియబెట్టిన ద్రవమో, ఉప్పు రొయ్యలో కలుపుతారు. ‘గోగి ప్పే జుసెయో’ అంటే మాంసం తీసేసి ఇవ్వండి అని. అలా అడిగినా హ్యామ్ వేసిన కింబాప్ (సముద్రపు నాచు ఆకులో చుట్టిన అన్నం) తెచ్చి పెడతారు, వాళ్ల లెక్కలో హ్యామ్ మాంసం కిందకు రాదు. అందుకని చేప, హ్యామ్, గుడ్డు, ఏవి వద్దో ఒక్కొక్కటి పేరు పెట్టి కొరియన్‌లో రాసిన చీటీ దగ్గర ఉంచుకోండి. బిబిమ్‌బాప్ (కూరగాయలు కలుపుకుని తినే అన్నం) మాంసం లేకుండా అడిగితే దాదాపు ప్రతి ఊళ్లో దొరుకుతుంది.

నిశ్చింతగా తినగలిగేది బౌద్ధాలయ భోజనం. మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి జాతివి కూడా వాడరు. కార్తీక మాసంలో మా అమ్మమ్మ వండే వంట గుర్తొచ్చింది. గిన్నెలో మెతుకు మిగలకూడదు. చివర నీళ్లు పోసి, ముల్లంగి ముక్కతో తుడిచి, ఆ నీళ్లు తాగేయాలి.

అమ్మాయిలు ఒంటరిగా తిరగడం క్షేమమేనా?

నేను ఎక్కువగా ఒంటరిగానే తిరిగాను. రాత్రి పదింటికి బస్సు దిగి నడిచి వెళ్లడం అక్కడ మామూలు విషయం. జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. మరుగుదొడ్లలో, చవక గదుల్లో రహస్య కెమెరాల బెడద నిజంగానే ఉంది. గోడల్లో రంధ్రాలు గమనించండి. పోలీసులకు 112, అంబులెన్సుకూ అగ్నిమాపక దళానికీ 119, ఇంగ్లిష్‌లో ప్రయాణ సహాయానికి 1330. కొండదారుల్లో నంబర్లు వేసిన స్తంభాలుంటాయి. దారి తప్పితే దగ్గరి స్తంభం నంబరు 119కి చెప్పండి.

## ఆదివారం సాయంత్రం

ఎన్ని గంటలకు తిరుగు ప్రయాణం కట్టాలి?

సాయంత్రం ఆరులోపు ఇంటి గుమ్మం ముందు ఉండేలా. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటితే సియోల్ వైపు హైవే కదలదు. చిన్న ఊళ్ల నుంచి చివరి బస్సు ఏడింటికే వెళ్లిపోవచ్చు, కాబట్టి ఊళ్లో దిగగానే మొదట తిరుగు బస్సుల పట్టిక ఫోటో తీసుకోండి.

స్కూలుకు ఏమైనా పట్టుకెళ్లాలా?

తప్పనిసరి కాదు, కానీ పట్టుకెళ్లండి. గ్యోంగ్జు నుంచి హ్వాంగ్నమ్‌ప్పాంగ్, ఎర్ర చిక్కుడు ముద్ద కూరిన చిన్న రొట్టెలు, ఒక డబ్బా చాలు. స్టాఫ్ రూములో పెద్దవాళ్లకు ముందు, రెండు చేతులతో ఇవ్వాలి. ‘ఎక్కడికి వెళ్లారు, ఎలా ఉంది’ అని మొదలైన మాటల్లోనే తర్వాతి వారం ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. తొంగ్యొంగ్ ఓడరేవు గురించి నాకు చెప్పింది గైడు పుస్తకం కాదు, అక్కడ పుట్టిన మా లెక్కల మాస్టారు. ఎనిమిది నుంచి అయిదు దాకా ఉండే బస్సుల వేళలు, తను చిన్నప్పుడు ఎక్కిన కొండ, వాళ్లమ్మ గారు కూరగాయలు కొనే బజారు, అన్నీ ఒక కాగితం మీద గీసి ఇచ్చారు.